పైపు మీద ఎలుగుబంటి ఆడకూడదు

గలాత్స్
అక్టోబరు ఆఖరు, దుమీత్రు పండుగ మర్నాడు

నా పిచ్చుకా,

నాలుగో తరగతితో ఆగిపోయిన చెయ్యి నాది. అక్షరాలు కోళ్ళు కెలికినట్టుంటే నవ్వుకో, కానీ చివరిదాకా చదువు. పోస్టాఫీసు ఫోనుకి రమ్మని కబురు పెట్టకు. అందులో మాట్లాడితే మన పొయానా ఊరంతా వింటుంది. కాగితమైతే నువ్వొక్కదానివే వింటావు.

నా మణికట్టు అతుక్కుంది. చెల్లెలు కసాంద్ర బాగానే చూసుకుంటోంది, ఊపిరి మాత్రం ఆడనివ్వదు. "అక్కా, మెట్ల మీద కనబడ్డ ప్రతివాళ్ళకీ దండం పెట్టకే, వాళ్ళెవరో మనకి తెలీదు" అంటుంది. తెలియకపోతే దండం పెట్టకూడదా? ఇక్కడ నాలుగో అంతస్తులో సింకులో నీళ్ళు పోస్తే అవి ఎటు పోతాయో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. నాకు అదే వింతగా ఉంది.

అసలు సంగతి. నువ్వు అడిగినట్టే ఈ ఒక్క చలికాలం ఇల్లు నీ చేతిలో పెట్టాను. సుచావా పట్నం పళ్ళ డాక్టరు సెలవులకి ఆ ఇల్లు కావాలని మళ్ళీ కబురు పెట్టాడు. ఈస్టరుకి చెబుతానన్నాను. పోయిన జనవరిలోలాగా మురుగు స్నానాలగదిలోకి ఎగదన్నిందంటే ఇల్లు డాక్టరుకి ఇచ్చేస్తాను. చలికాలం దాటించావంటే ఇల్లు నీ పేర రాస్తాను. ఇందులో తిరకాసు ఏమీ లేదు, కోడలా. మళ్ళీ ఆ మంచు మీద మురుగు బకెట్లు మోసి జారిపడే ఓపిక నాకు లేదు. అదొక్కటే కాదు. నా ఇరిమీ, నీ ఇరిమీ, మాను మీదపడి పోయాడు. ఆ చలికాలమే వాడి చేత్తో వేసిన పైపు కూడా గడ్డకట్టి పగిలింది. ఆ రోజు నాకు ఇల్లు కూడా పోయినట్టే అనిపించింది. రెండోసారి చూడలేను.

కొత్త ముక్క వేయించాం కాబట్టి భయం లేదనుకోకు. వాడు కాలవ తవ్వుతుంటే ప్లమ్ చెట్టు దగ్గర బండ తగిలింది. "అమ్మా, ఇంతకన్నా లోతుకి పోవాలంటే ఈ బండకి పెళ్ళిచూపులు ఏర్పాటు చెయ్యాలి, అదే లేచి పోతుంది" అని నవ్వి పైపుని దాని పైనుంచి పోనిచ్చాడు. అక్కడ మోచేయి లోతు కూడా లేదు. గోడ దగ్గర్నుంచి మురుగు గుంత దాకా ఎండుగడ్డి దట్టంగా పరిచి, దాని మీద దేవదారు కొమ్మలు వెయ్యి. మంచు పడ్డాక దాని జోలికి పోకు. వాకిలి నేల కనబడేలా ఊడ్చుకోకపోతే మన ఆడవాళ్ళకి నిద్రపట్టదు, నాకు తెలుసు. ఆ పట్టీ మాత్రం ఊడవకు. మంచే దానికి రగ్గు.

ఇంకోటి, ఫ్లష్ ట్యాంకు సన్నగా కారుతోంది, వెంటనే బాగుచేయించు. కుళాయి గడ్డకట్టకుండా సన్నటి ధార వదలమని పక్కింటి రహీరా చెబుతుంది, వినకు. చుక్కలు చుక్కలుగా పోయే నీళ్ళు దారిలోనే ఆగి పొరమీద పొర మంచవుతాయి. పోస్తే బకెట్టు నిండా వేడిగా ఒక్కసారి పొయ్యి, పరుగెత్తుకుంటూ గుంతలో పడాలి.

చల్లగా ఉండే రోజు కాళ్ళకి రెండు జతల మేజోళ్ళు వేసుకో.

సాఫ్తా


పొయానా
నవంబరు, మిఖాయిల్ పండుగ వెళ్ళాక

అత్తమ్మా,

మీ ఉత్తరం వంటింటి కిటికీలో పెట్టుకుని చదువుతూ పనిచేశాను. ఎండుగడ్డి పరిచాను, కొమ్మలు వేశాను. నేను వంగి వేస్తుంటే రహీరా పిన్ని కంచె మీద మోచేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏమ్మా రుక్సాందా, పైపుకి కూడా చలేస్తుందా? పాపం, దానికో స్వెటర్ అల్లిపెట్టు."

"అల్లుతా పిన్నీ, నీ పైపు కొలతలు కూడా ఇవ్వు, రెండూ ఒకేసారి అల్లేస్తా" అన్నాను.

"మాది మా ఆయన పింటిలియె వేసిన పైపు. ఇరవై ఏళ్ళ నించి కిక్కురుమనలేదు" అని మూతి తిప్పుకుని వెళ్ళింది.

పొయ్యి పొగ వెనక్కి కొడుతుంటే కింది వీధి గావ్రిల్ మేస్త్రిని పిలిచాను. పొయ్యి విప్పి మళ్ళీ కట్టాడు. ట్యాంకు కారుతోందంటే, తన పని కాకపోయినా దానిలో రబ్బరు మార్చాడు. ఇప్పుడు చుక్క కారదు.

అత్తమ్మా, నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. నాకు ఈ చలి గురించి తెలిసిందంతా ఇరిమీ చెప్పింది, మీరు చెప్పింది. అయినా ఇంటిని ఈ చలికాలం దాటిస్తాను. మీరు డాక్టరుకి ఏ మాటా ఇవ్వకండి. ఇక్కడే ఉండాలని ఎందుకనుకుంటున్నానో నాకే సరిగా తెలియదు. పొద్దున తలుపు తీస్తే ఎదురుగా ఆ కొండ కనబడుతుంది. నాకు అది చాలు.

మీ కోడలు
రుక్సాందా


గలాత్స్
డిసెంబరు, నికొలాయె పండుగ రోజు

నా పిచ్చుకా,

ట్యాంకు బాగుచేసిన మేస్త్రికి నా తరఫున కూడా ఒక గ్లాసు ప్లమ్ సారా పొయ్యి. ఒక్కటే పొయ్యి, పొయ్యిలు కట్టేవాళ్ళకి గొంతు ఎప్పుడూ ఎండిపోయే ఉంటుంది.

ఇప్పుడు పంది కోత రోజులొస్తున్నాయి. ఈసారి మనకి పంది లేకపోయినా రహీరా కొవ్వు పంపుతుంది, నువ్వు కరగబెడతావు. ఆ మూకుడు సింకులో కడిగావో, నేను ఇక్కణ్ణించే అరుస్తాను. వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలాగే జారిపోతుంది. ప్లమ్ చెట్టు దగ్గరికి పోయేసరికి కొవ్వొత్తిలా బిగుసుకుంటుంది. ప్రతి ఇంట్లోనూ పండగ ముందు ఇదే జరుగుతుంది. జనవరిలో పైపు పూడితే చలిని తిడతారు. మూకుడుని ముందు రొట్టెముక్కతో తుడువు, ఆ ముక్క కుక్కకి వెయ్యి, ఆ తరవాత కడుగు.

మిద్దె మీద మురుగు పైపు గాలిగొట్టం నోరు చూస్తూ ఉండు. లోపలి ఆవిరి పైకొచ్చి నూగుమంచుగా పేరుకుని నోరు మూసేస్తుంది. అప్పుడు సింకు గుడగుడమంటుంది, ఇంట్లో వాసనేస్తుంది. జనం పైపు పూడిందని అంతా తవ్వుకుంటారు. నువ్వు పొడుగు కర్ర తీసుకుని గొట్టాన్ని నెమ్మదిగా తట్టు, చాలు. నిచ్చెన ఎక్కకు. ఒక్కదానివే ఉన్నావు.

కొత్త సంవత్సరానికి ఎలుగుబంటి వేషాలవాళ్ళు వస్తారు. డప్పులతో వాకిట్లో ఎగిరి దూకుతారు. ప్రతి ఏడూ వాళ్ళు ఆడే చోటు ఎక్కడ? సరిగ్గా పైపు మీద. మెత్తటి మంచుని ఆ బూట్లతో తొక్కి రాయిలా చేస్తే చలి నేరుగా కిందికి దిగుతుంది. ఇరిమీ ఉన్నప్పుడు తనే డప్పు పట్టుకుని వాళ్ళని అటు లాక్కుపోయేవాడు. ఇప్పుడు నువ్వే చెప్పాలి. ఎలుగుబంటి పైపు మీద ఆడకూడదు. చెప్పడానికి సిగ్గుపడకు.

క్రిస్మస్ పాటలు పాడుతూ వచ్చే పిల్లలకి వాడి పేరున ఉంగరం రొట్టెలు పంచు. ఇక్కడ పండగ ఇంకా రాకుండానే మెట్ల మీద ముగ్గురు పిల్లలు వచ్చి తలుపు కొట్టి సగం పాట పాడి చెయ్యి చాపారు. కసాంద్ర తలుపు సందులోంచి ఇచ్చి పంపేసింది. మిగతా సగం పాట నేను వంటింట్లో నిలబడి నాకు నేనే పాడుకున్నాను. ఏడవలేదులే. కొంచెం ఏడ్చాను.

సాఫ్తా


పొయానా
జనవరి, నీళ్ళ పండుగ వెళ్ళాక

అత్తమ్మా,

మీరు ఉండి చూడాల్సింది!

ఎలుగుబంట్లు వచ్చాయి. ముందు డప్పు, వెనక ఎర్ర కుచ్చుల ఎలుగు, దాని వెనక సగం ఊరు. నేను చేతులు చాపి పైపు పట్టీకి అడ్డంగా నిలబడ్డాను.

"ఇక్కడొద్దు బాబాయ్, అటు కట్టెల కుప్ప దగ్గర ఆడండి."

ఎలుగుని ఆడించేవాడు కర్ర నేలకి కొట్టాడు. "ఎలుగుబంటికి దారి చెప్పేదానివా నువ్వు? అడ్డు చెప్తే ఏడాదంతా కీడు!"

"మీ ఎలుగు నా పైపు తొక్కితే, ఎగదన్నిన మురుగంతా దాని చేతే మోయిస్తా. అప్పుడు చూద్దాం కీడెవరికో!"

జనం ఘొల్లున నవ్వారు. ఎలుగు ఒక క్షణం ఆలోచించి, నాలుగు కాళ్ళ మీద మర్యాదగా కట్టెల కుప్ప దగ్గరికి నడిచింది. అక్కడ ఆడిన ఆట అత్తమ్మా, కట్టెలు దొర్లి పడేదాకా ఆడింది! ఆట అయ్యాక తల ఊడదీస్తే లోపల పింటిలియె బాబాయ్. చెమటలు కక్కుతూ నా చెవిదగ్గర గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ పైపు సంగతేంటో నాకూ కొంచెం చెప్పవే. మాది పొద్దుట్నించి గుడగుడమంటోంది. రహీరాకి చెప్పకు, నేనడిగానని" అన్నాడు.

గొట్టం తట్టమని, వేడినీళ్ళు పొయ్యమని చెప్పాను. ఆయనకి ఓపికెక్కడిది? రెండు రోజులకి పైపు మీద గడ్డి పోగేసి మంట పెట్టాడు. ప్లాస్టిక్ పైపు కాదూ, మెత్తబడి నడుం వంచుకుని కూర్చుంది. ఇప్పుడు రహీరా పిన్ని రోజూ మురుగు బకెట్టు పట్టుకుని మనింటికి వస్తోంది. "స్వెటర్ సంగతేమైందే?" అని తనే అడిగి తనే నవ్వుతోంది.

చలి ఎలా ఉందంటే, బావి గిలక దగ్గర నా చేతితొడుగు ఇనుముకి అతుక్కుపోయింది. పాదిరిగారింట్లో గడ్డకట్టింది. బడి దగ్గరా గడ్డకట్టింది. మనది మాత్రం హాయిగా పారుతోంది. బకెట్టు వేడినీళ్ళు పొయ్యాల్సిన అవసరమే రాలేదు. గోడలోంచి పైపు బయటికొచ్చే చోట పరిచిన గడ్డి మీద మన పిల్లి వెచ్చగా పడుకుంటోంది, అక్కణ్ణించి లేపితే గీరుతోంది. గావ్రిల్ మేస్త్రి తనంతట తనే వచ్చి పొయ్యి మళ్ళీ ఒకసారి చూసి, బాగా లాగుతోందన్నాడు.

ఇల్లు నిలబడింది అత్తమ్మా. ఇక చలికాలం సగమే మిగిలింది.

రుక్సాందా


గలాత్స్
జనవరి ఆఖరు

రుక్సాందా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. ఎలుగుబంటి సంగతి కసాంద్రకి చదివి వినిపించాను. తరవాత రాత్రి పడుకున్నాక ఆ పిల్లి గుర్తొచ్చింది.

నాకు చదువు లేదు, ఆ ఇంటి నీళ్ళు మాత్రం తెలుసు. ఒక్క ఆడమనిషి రెండు పళ్ళాలు, ఒక చెంబు కడిగిన నీళ్ళకి, పాదిరిగారి పైపు గడ్డకట్టే చలిలో, బండ మీద మోచేయి లోతు లేని పైపు బతకదు. ఎంత గడ్డి పరిచినా బతకదు. గడ్డి ఉన్న వేడిని ఆపుతుంది, లేని వేడిని పుట్టించదు. పిల్లి పడుకునేంత వెచ్చదనం అంటే అది స్నానాల నీళ్ళు, బట్టలుతికిన నీళ్ళు. అదీ రోజూ. ఒక్కరివి కాదు.

నా ఇంట్లో ఎవరున్నారు?

ఒక పొయ్యిని ఒక చలికాలంలో ఎన్నిసార్లు చూస్తారు? నేను అరవై ఏళ్ళుగా పొయ్యిల మధ్య బతికాను. కట్టాక మేస్త్రి మళ్ళీ వచ్చి చూడడం, అదీ పిలవకుండా, నేను ఎరగను.

నువ్వు అబద్ధం రాయలేదు. నాకు చెప్పకుండా దాచావు, అది నాకు నొప్పిగా ఉంది. ఊళ్ళోవాళ్ళ దగ్గర దాచుకో. పిల్లి చెబితే నేను తెలుసుకోవాలా? నిజం రాయి. పూర్తిగా రాయి. డాక్టరుకి ఈస్టరులోగా మాట చెప్పాలి నేను.

సాఫ్తా


పొయానా
ఫిబ్రవరి

అత్తమ్మా,

మీ ఉత్తరం మీద పిచ్చుకా అన్న మాట లేకపోయేసరికి పని వదిలేసి వెంటనే కలం తీశాను. అన్నీ రాస్తున్నాను.

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు ఉంటున్నారు. రాత్రిళ్ళు కాదు, పగలు. సవేత, అగ్లాయా. గావ్రిల్ కూతుళ్ళు. పెద్దదానికి ఏడు, చిన్నదానికి అయిదు. చిన్నది పుట్టినప్పుడే వాళ్ళమ్మ పోయింది, మీకు తెలుసు కదా, ప్రాణం పోతుంటే మీరే ఆవిడకి ఆఖరి దీపం పట్టారట. వాళ్ళింట్లో స్నానాలగది లేదు. నవంబరులో ఒకరోజు పొయ్యి పనికి వచ్చినప్పుడు ఇద్దర్నీ వెంట తెచ్చాడు. పిల్లల మెడల మీద మసి చూసి నేనే అన్నాను, "శనివారం పంపండి, తొట్టిలో స్నానం చేయిస్తా" అని. మొదటి శనివారం తొట్టిలోంచి లేవమంటే లేవరు. నీళ్ళు నేలంతా చిమ్మారు. నేనూ తడిసిపోయి నవ్వాను. అత్తమ్మా, ఆ ఇంట్లో ఏడాది తరవాత అదే మొదటి నవ్వు.

తరవాత శనివారం చాల్లేదు. బడి అయ్యాక రోజూ వస్తారు. సంకటి తింటారు, బట్టలు బురద చేసుకుంటారు, నేను ఉతుకుతాను. చిన్నది బొమ్మకి కూడా వేడినీళ్ళు కావాలంటుంది. చీకటి పడేసరికి వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోతాడు. ఆ పొయ్యి చూడ్డానికి తప్ప గుమ్మం దాటి లోపలికి రాడు. ఊరు ఏమంటుందో అని.

గావ్రిల్ పెళ్ళి మాట అడగడానికి ఎన్నో వారాలు పట్టింది. ప్రతిసారీ గుమ్మం బయట నిలబడి "పొయ్యి బాగా లాగుతోందా?" అంటాడు. "లాగుతోంది" అంటాను. టోపీ చేతిలో నలుపుకుని వెళ్ళిపోతాడు. చివరికి పెద్ద పిల్ల విసిగిపోయి, "నాన్నా, పొయ్యి గురించి కాదుగా నువ్వడగాలనుకుంది!" అంది. అప్పుడు అడిగాడు. కందగడ్డలా అయిపోయింది మొహం.

నేను అవునని చెప్పలేదు. మా అత్తమ్మని అడగాలి అన్నాను. నాకు తల్లి లేదు, అడగడానికి మీరే ఉన్నారు. ఇరిమీని నేను మరచిపోలేదు. నేను అడిగింది మీకు నొప్పి కలిగిస్తే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను, పిల్లల్ని కూడా వాళ్ళింటికే పంపుతాను. ఇల్లు మీది, మీ కొడుకుది. డాక్టరుకి ఇస్తానంటే తాళంచెవి రహీరా పిన్నికి ఇచ్చి మా ఊరు వెళ్ళిపోతాను.

దాచినందుకు కోప్పడండి. కానీ జవాబు రాయండి.

రుక్సాందా


గలాత్స్
మార్చి, ఉపవాసాల మొదటి వారం

నా పిచ్చుకా,

నీ ఉత్తరం అందిన రోజు నేను కోటు వేసుకుని నదిఒడ్డుకి పోయి కూర్చున్నాను. మంచుపెళ్ళలు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోతున్నాయి. నొప్పి కలిగిందా అన్నావు. కలిగింది. నా కొడుకు చోట ఇంకొకడు గుమ్మంలో టోపీ నలుపుతున్నాడంటే ఏ తల్లికి కలగదు? గట్టిగా ఏడ్చాను. ఒక ముసలాయన వచ్చి, "అమ్మా, ఎవరైనా పోయారా?" అన్నాడు. "పోయాడయ్యా. పోయింది కొడుకు. ఇప్పుడు ఇద్దరు మనవరాళ్ళు వచ్చారు. ఒకేసారి రెండూ అయ్యేసరికి ఇలా ఉంది" అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి ఇచ్చాడు. ఇద్దరం కూర్చుని తిన్నాం.

అక్కడ కూర్చుని పోయిన చలికాలం గురించి ఆలోచించాను. మనిద్దరం ఇంట్లోనే ఉన్నాం కదా, మరి పైపు ఎందుకు గడ్డకట్టింది? ఏం వండుకున్నాం మనం? ఏం ఉతుక్కున్నాం? చెరో గదిలో ఏడుస్తూ కూర్చున్నాం. కన్నీళ్ళు పైపులోకి పోవుగా. నేనేమో వాడి పనితనం ఓడిపోయిందనుకున్నాను. వాడు బాగానే వేశాడు. ఆ పైపు నలుగురు మనుషులకి వేశాడు, పిల్లలు పుడతారని వేశాడు. పిల్లల నీళ్ళు పోతే సున్నా కింద పాతిక డిగ్రీల చలిలో కూడా పిల్లిని పడుకోబెట్టింది. నా కొడుకు పని నిలబడింది, నువ్వు నిలబెట్టావు.

ఇంటికొచ్చి కసాంద్రకి చెప్పాను. అది వంటింట్లో చెంచా కింద పడేసింది.

"అక్కా, మతి ఉందా? కోడలికి రెండో పెళ్ళి చేసి, ఆ మొగుణ్ణి నీ ఇంట్లోనే పెడతావా? జనం ఏమంటారు?"

"జనం పైపులు గడ్డకట్టాయి. నాది పారుతోంది. వాళ్ళేమంటే నాకేం?"

"మరి డాక్టరు?"

"సముద్రం దగ్గర ఇల్లు కొనుక్కోమను. మా ఊరి చలికి ఆయన పళ్ళే రాలిపోతాయి."

అది వంగి చెంచా తీసుకుంది. తరవాత "పెళ్ళికి నేను ఏ గౌను వేసుకోవాలి?" అంది.

డాక్టరుకి అదే రోజు ఉత్తరం వేశాను. ఇల్లు నీ పేర రాస్తానన్నాను కదా, అదీ రాస్తాను, పెళ్ళితో దానికి సంబంధం లేదు. నువ్వు గావ్రిల్‌ని కాదన్నా ఇల్లు నీదే. కానీ కాదనకు. ఆ పిల్లల తల్లికి ఆఖరి దీపం పట్టింది నేనే. ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లబడింది. పిల్లల సంగతి ఏమిటని నన్నే చూస్తూ పోయింది. ఇప్పుడు నాకు కొంచెం మనసు తేలికైంది.

ఉపవాసాల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. ఈస్టరు తరవాత ఆదివారం పాదిరిగారిని అడుగు. ఆయన పైపు సంగతి కూడా నేనొచ్చి చూస్తానని చెప్పు, కాదనడు. నేను ఈ నెల చివరి వారం, ఉపవాసాల్లో చేపలు తిననిచ్చే పండుగ రోజు బస్సులో దిగుతాను. గావ్రిల్‌ని గుమ్మం లోపలికి రానీ, ఇక బయట నిలబెట్టకు. వచ్చాక మొదట వాడికి నేను పెట్టే పని ఒకటుంది. వేసవిలో ఆ బండ పగలగొట్టి పైపుని ఇంకా లోతుకి దించాలి. పొయ్యి బాగా లాగుతోందా అని అడగడం కన్నా అది కష్టమేమీ కాదు. ఇరిమీ సమాధి దగ్గరికి మనం నలుగురం కలిసి వెళదాం. పిల్లలకి వాణ్ణి నేనే చూపిస్తాను, వీడు మీ పెదనాన్న అని చెబుతాను.

ఈలోగా మంచు కరుగుతుంది, జాగ్రత్త. మిద్దె మీంచి కారే నీళ్ళని కొందరు తెలివిగా మురుగు గుంతలోకి మళ్ళిస్తారు. అది నిండి ఇంట్లోకే ఎదురు తంతుంది. ఆ నీళ్ళు వీధి కాలవకి పోనీ. గడ్డి ఇప్పుడే తియ్యకు, పైన ఎండ కాసినా కింద నేలలో చలి ఇంకా చాలా రోజులుంటుంది.

సవేతకి, అగ్లాయాకి నా ముద్దులు. వసంతం వచ్చిందని కట్టే ఎర్ర తెల్ల దారాలు మూడు ఈ ఉత్తరంలో పెట్టాను, పిల్లల చేతులకి కట్టు. బొమ్మకి ఒకటి.

సాఫ్తా అమ్మ

ఉపవాసమని పిల్లలకి పెట్టి నువ్వు గిన్నె అడుగు గీక్కుని ఊరుకునే రకానివి. అలా చెయ్యకు. చిక్కుడుగింజలు మెత్తగా ఉడికించుకుని, ఉల్లిపాయలు వేయించి వేసుకుని, వేడిగా, కడుపునిండా తిను.